గిరాకీ లేని వేళ చూసిన ఇల్లు

బజారును పండగ ముందు రోజు చూసి మోసపోవద్దనేవాడు మా బాపు. ఆ రోజు ఏ బజారైనా కళకళలాడుతూనే ఉంటుంది. చూస్తే గిరాకీ లేని వేళ చూడాలి. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక, సాయంత్రం చాయ్‌కి ముందు, ఎండ దుకాణం మెట్లెక్కే వేళ. అప్పుడు దుకాణదారులు ఒకరి గడప ఒకరు తొక్కుతున్నారా, లేక ఎవరి గల్లాపెట్టె ముందు వాళ్లు కూర్చొని ఈగలు తోలుకుంటున్నారా గమనించాలి. మాటలున్న బజారులో ఎట్లాగైనా నిలదొక్కుకోవచ్చు, మాటల్లేని చోట లాభాలొచ్చినా మనిషి నిలవడు అని ఆయన నమ్మకం.

మాది సోలాపూర్. తాతల నాడు తెలంగాణ నుంచి మగ్గాల పనికని పోయి, అక్కడే ఉండిపోయిన తెలుగువాళ్లం. మాకు దుప్పట్ల దుకాణం ఉండేది. నేను నడక నేర్చింది దుప్పట్ల బేళ్ల మధ్య, లెక్కలు నేర్చింది గిరాకీల మొహాలు చూసి. బాపు చెప్పిన ఆ సూత్రాన్ని ఉల్లిగడ్డల దగ్గర్నుంచి ఉద్యోగాల దాకా అన్నింటికీ వాడాను. ఎన్నడూ తప్పలేదు. ఇల్లు వెతుక్కోవడానికి కూడా దాన్నే వాడాను.

హైదరాబాద్ రావడం నేను కోరుకున్నది కాదు. పుణెలో నేను పనిచేసే కంపెనీ మా విభాగాన్ని మొత్తంగా ఎత్తి రాయదుర్గం దగ్గరి ఆఫీసులో పెట్టింది. కుర్చీలతోపాటు మమ్మల్నీ పంపించింది. నా పని బేరమాడడం. క్యాంటీన్ కాంట్రాక్టు, నీళ్ల క్యాన్లు, ఏసీ మరమ్మతులు, కొత్త బల్లలు, ఆఫీసుకు ఏం కావాలన్నా అమ్మేవాళ్లతో మాట్లాడి ధర దించాలి. ఆ పనికి ఇంగ్లిషులో పెట్టిన పేరు విజిటింగ్ కార్డు మీద రెండు వరుసలు పడుతుంది. బాపు బతికుంటే, "ఇంట్ల ఊరికెనే చేసినదానికి గూడ జీతమిస్తున్నరా?" అని నవ్వేవాడు. నలభై దాటిన ఒంటరి ఆడమనిషిని. ఒక సూట్‌కేసు, ఒక కుక్కరు, రెండు దుప్పట్లతో దిగాను.

మొదటి రోజుల్లో కంపెనీ గెస్ట్‌హౌస్‌లో ఉంచారు. రెండో రోజో మూడో రోజో, క్యాంటీన్ వరుసలో నా వెనక ఉన్న అమ్మాయితో, "నాకేం ఘాయి లేదు, మీరు తీసుకోండ్రి" అన్నాను. ఘాయి అంటే తొందర. మరాఠీ మాట, మా సోలాపూర్ తెలుగులో ఉప్పులా కలిసిపోయి ఉంటుంది. ఆ అమ్మాయి పళ్లెం పట్టుకొని అట్లాగే నిలబడిపోయింది. "ఇది ఏ ఊరి తెలుగండీ? భలే ఉందే! మళ్లీ అనండి." బల్ల దగ్గర కూర్చున్నాక మరో నలుగురి ముందు మళ్లీ అనిపించింది. అందరూ నవ్వారు. చెడ్డవాళ్లు కాదు, ముద్దుగానే నవ్వారు. నేనూ నవ్వాను. మర్నాటి నుంచి ఆఫీసులో ఇంగ్లిష్ తప్ప ఇంకో భాష మాట్లాడలేదు.

గెస్ట్‌హౌస్ గదిలో పడుకొని ఒక సాయంత్రం ఆలోచిస్తే తట్టింది: పొద్దుటి నుంచి తూకం వేసుకోకుండా ఒక్క వాక్యం కూడా నా నోటి నుంచి రాలేదు. దుకాణంలో పెరిగినదాన్ని. మాట నాకు అన్నంలాంటిది. ఎక్కడో ఒకచోట, రోజులో ఒక్కసారి, నోరు తెరిస్తే ఎవరూ తల తిప్పి చూడని చోట ఉండాలి. ఇల్లు వెతకడానికి నేను పెట్టుకున్న షరతు అదొక్కటే. మిగతావన్నీ తర్వాత.

ముందు కొండాపూర్‌లో ఒక ఫ్లాట్ చూపించారు. ఆఫీసుకు నడిచి పోవచ్చు. బ్రోకర్ కుర్రాడు లిఫ్టులోనే సగం బేరం చేసేశాడు. "మేడమ్, ఈ లొకేషన్‌లో ఈ రెంట్‌కి ఇంకెవరూ ఇవ్వరు. ట్రాఫిక్ అనే మాటే ఉండదు మీకు." నేను కావాలనే మధ్యాహ్నం మూడింటికి వెళ్లాను కదా, బాల్కనీలో నిలబడి చుట్టూ చూశాను. ఎదురుగా అట్లాంటి బాల్కనీలే అంతస్తులు అంతస్తులుగా ఉన్నాయి. మనిషి జాడ లేదు. ఏసీ గొట్టాల్లోంచి నీళ్లు బొట్లుబొట్లుగా పడుతున్నాయి. కింద గేటు దగ్గర సామాన్లు తెచ్చిన కుర్రాడు ఫోనులో ఫ్లాటు నంబరు వెతుక్కుంటున్నాడు.

"ఇక్కడ ఈ వేళకి ఎవరూ ఉండరా?" అన్నాను.

"ఎవరూ డిస్టర్బ్ చెయ్యరు మేడమ్" అన్నాడు, అదేదో అదనపు సౌకర్యమైనట్టు.

ఆ ఆదివారం పత్తర్‌గట్టి వెళ్లాను, దిండు గలీబులు కొనడానికి. అవి కొండాపూర్‌లోనూ దొరుకుతాయి. కానీ అక్కడ ధర చీటీ అంటించి ఉంటుంది, బేరం లేదు. బేరం లేకపోతే నాకు కొన్నట్టే ఉండదు. ఒక పాత దుకాణంలో, తెల్లగడ్డం పెద్దాయన నా ముందు ఒక దుప్పటి కూడా పరిచాడు. నాకు అక్కర్లేదు, అయినా చెయ్యి ఊరుకోలేదు. అంచు మడిచి, వెలుతురుకు పట్టి, గోటితో పోగులు విడదీసి చూశాను.

ఆయన గల్లాపెట్టె మీద నుంచి కళ్లద్దాలు తీసి పెట్టుకొని నన్ను చూశాడు. "ఏందమ్మా, దుకాణంల పుట్టినవా? గిట్ల చూసేటోళ్లు గిరాకోళ్లు కారు."

"సోలాపూర్ భాయ్ మాది."

"గదా మరి! మీ సోలాపూరోళ్లు గౌలిపురల ఉన్నరు గద. తువ్వాళ్లు, దుప్పట్లు అమ్ముతరు. నా దగ్గరికే వచ్చి నాకే ధర చెప్తరు, తౌబా! నాలుగైదు ఇండ్లు ఉన్నయి ఒక్క గల్లీల. పో, అడుగు." తర్వాత గలీబుల మీద పైసా తగ్గించలేదు. "మీకు తగ్గిస్తే మీరు నన్ను లోపల్లోపల తిడతరు, మస్తు లాభం తీస్తుండని" అన్నాడు. నిజమే. తగ్గిస్తే అదే అనుకునేదాన్ని.

తర్వాతి వారం సగం పూట సెలవు పెట్టి, సరిగ్గా గిరాకీ లేని వేళకు గౌలిపుర చేరాను. ఒకప్పుడు పాలవాళ్లు ఉన్న వీధులు. ఇప్పటికీ ఒకటి రెండు గుమ్మాల ముందు గేదెలు కట్టేసి ఉంటాయి. వాటి మధ్య నుంచి పోయి, పెద్దాయన చెప్పిన గల్లీ మలుపు తిరిగాను. తిరగగానే నా కాళ్లు ఆగిపోయాయి.

గల్లీ అంతా మాటలే. షాబాదు బండలు పరిచిన పొడుగాటి అరుగు మీద ఆడవాళ్లు జొన్నలు చెరుగుతున్నారు. దుకాణాల నుంచి అన్నానికి వచ్చిన మగవాళ్లు, తిరిగి పోబుద్ధి కాక, చాయ్ గ్లాసులు పట్టుకొని కూర్చున్నారు. ఎవరో ఎవరి మీదో అరుస్తున్నారు: "ఘాయి ఎందుకే నీకు, ఆగుతదా రైలు నీకోసం?" ఎవరూ నవ్వలేదు. ఎవరూ మళ్లీ అనమనలేదు. నేను ఒక ఇంటి గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డాను, చెప్పులో రాయి పడ్డట్టు నటిస్తూ. అప్పుడే ఒప్పేసుకున్నాను లోపల. బేరగత్తెకు అంతకంటే అవమానం లేదు: సరుకు ధర అడగకముందే మనసు అమ్ముడుపోవడం.

మేడ మీద ఒక అర్ర, ఒంటి గది, ఖాళీగా ఉందన్నారు. ఇల్లు ఒక ముసలావిడది. సోలాపూర్ నుంచి పెళ్లి చేసుకొని వచ్చి, ఇక్కడే జుట్టు తెల్లబడినావిడ. వాళ్లందరికీ పెద్దమ్మ, ఆ రోజు నుంచి నాకూ పెద్దమ్మే. అరుగు మీదే విచారణ మొదలైంది.

"ఒక్కదానివేనా?"

"ఒక్కదాన్నే పెద్దమ్మా."

"పెండ్లి?"

"కాలే."

"ఎందుకు కాలే?"

"బేరం కుదరలే."

అరుగు అంతా పగలబడి నవ్వింది. ఎదురింటి గుమ్మంలో తువ్వాళ్ల కట్టలు సర్దుకుంటున్న లావుపాటి మనిషి, మోకాళ్లు పట్టుకొని మరీ నవ్వాడు. పత్తర్‌గట్టి పక్కన తువ్వాళ్లు అమ్ముతాడట. ఆయన్ను అందరూ మామ అంటున్నారు. "పెద్దమ్మా, పరీక్ష బంద్ జెయ్" అన్నాడు. "గీమె మనామెనే. గా నోరు జూడు."

పెద్దమ్మ కిరాయి చెప్పింది. పైకి చూశాను. "రేకులా?"

"రేకులే. ఎండకాలం మస్తు ఎచ్చగుంటది. నీకు నీళ్లు కాగబెట్టుకునే పని లేదు."

"నీళ్లు రోజూ వస్తయా?"

"రోజు ఇడిసి రోజు."

"అయితే కిరాయి గూడ రోజు ఇడిసి రోజుకే లెక్క కడదమా?"

మళ్లీ నవ్వులు. నేను లేచాను, చెప్పు తొడిగాను. గిరాకీ దుకాణం దిగిపోతుంటే దుకాణదారుడు వెనక్కి పిలుస్తాడు, అది లోకరీతి. పెద్దమ్మ నా కాళ్ల వైపు చూసి, చేటలో జొన్నలు ఒకసారి ఎగరేసి, "ఒక్కటే తొడిగినవ్ బిడ్డా" అంది. "రెండోది గూడ తొడుగు. అప్పుడు పిలుస్త."

అంత చక్కగా నన్ను ఎవరూ ఓడించలేదు ఆ ఊళ్లో. ఆవిడ చెప్పిన కిరాయికే ఒప్పుకున్నాను. దిగిపోతూ లెక్క వేసుకున్నాను: ఆటో, ఎంజీబీఎస్‌లో మెట్రో, అమీర్‌పేటలో మారడం, రాయదుర్గంలో మళ్లీ ఆటో. దూరమే. కానీ దూరానికి ధర కట్టొచ్చు, ఆ అరుగుకు ఎవరు కట్టగలరు? ఇంత మంచి బేరం నా జీవితంలో చేయలేదనుకున్నాను.

నేను గమనించనిది ఒక్కటే, అది రెండో వారానికి గాని నాకు తెలిసిరాలేదు. బాపు గిరాకీ లేని వేళ బజారు చూడమన్నాడంటే, ఆ వేళ ఆయన ఆ బజారులోనే ఉంటాడు కనుక. నేను ఆ వేళకు రాయదుర్గంలో, అద్దాల గదిలో, నీళ్ల క్యాన్లవాడితో మాట్లాడుతుంటాను. ప్రతి రోజూ. దుకాణం బుద్ధితో ఇల్లు ఎంచుకున్నాను గాని, నాకు దుకాణం లేదన్న సంగతి మర్చిపోయాను.

పొద్దున నేను బయల్దేరేసరికి గల్లీలో ఆడవాళ్లు, నీళ్లు రాని రోజు వంటింట్లో ఉంటారు, వచ్చే రోజు నీళ్లు పట్టుకుంటూ ఉంటారు. నీళ్లు పట్టేటప్పుడు ఎవరూ మాట్లాడరు, లొల్లి పెట్టుకుంటారు, అదీ తమలో తాము. బిందెల మధ్య నుంచి నేను పక్కకు ఒదిగి పోతాను. తిరిగి వచ్చేసరికి బండ్లు గోడలకు ఆనించి ఉంటాయి, తలుపులు వేసి ఉంటాయి, పరదాల వెనక టీవీల వెలుతురు రంగులు మారుతూ ఉంటుంది. మగవాళ్లు ఇంకా దుకాణాలు మూసి రారు. పెద్దమ్మ తొందరగా పడుకుంటుంది. తాళం చెవి కిటికీ చువ్వకు వేలాడదీసి ఉంచుతుంది.

ఖాళీ అరుగు మీద మధ్యాహ్నం మిగిలిపోయి ఉండేది. చాయ్ గ్లాసుల గుండ్రటి మరకలు, జొన్న పొట్టు, వేరుశనగ తొక్కలు. ఒక రోజు మరకలు చాలా ఉన్నాయి, ఎవరో చుట్టాలు వచ్చి ఉంటారు. ఒక రోజు అరుగంతా కడిగి ఉంది, ఒక్క మరకా లేదు. ఏం జరిగిందో, ఎవరిని అడగాలో తెలియలేదు. తలుపుల ముందు చెప్పులను బట్టి ఎవరు ఇంట్లో ఉన్నారో గుర్తుపట్టడం నేర్చుకున్నాను. చెప్పులతో అంత పరిచయం పెరిగింది గాని వాటిలోని కాళ్లతో పెరగలేదు. ఆదివారం ఉంటుంది కదా అని ఎదురుచూస్తే, ఆదివారం గిరాకీ ఎక్కువ, మగవాళ్లు పొద్దున్నే పోయేవాళ్లు. ఆడవాళ్లు పెళ్లిళ్లకూ పుట్టిళ్లకూ పోయేవాళ్లు. నేను మేడ మీద బట్టలు ఉతుక్కొని, రేకుల కింద చెమటలు కక్కుతూ, కొండాపూర్‌లోనైతే ఏసీ ఉండేది కదా అని లెక్కలు వేసేదాన్ని.

వానాకాలం మొదట్లో జ్వరం వచ్చి సెలవు పెట్టాను. మధ్యాహ్నానికి కాస్త నెమ్మదించింది. కిందనుంచి మాటలు వినిపిస్తున్నాయి. జడ వేసుకొని, మెట్లు దిగి వెళ్లాను. మాటలు ఆగాయి.

"అయ్యో, నువ్వు ఇంట్లనే ఉన్నవా?" అంది పెద్దమ్మ. "అరే, ఎవరన్న కుర్సీ తేండ్రి."

ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశారు, దుమ్ము తుడిచి మరీ. వాళ్లంతా అరుగు మీద, నేనొక్కదాన్ని కుర్చీ మీద, పెళ్లిచూపులకు వచ్చినట్టు. చాయ్ కూడా నాకు కప్పులో ఇచ్చారు, వాళ్లు గ్లాసుల్లో తాగుతున్నారు. ఆఫీసు ఎట్లుంది, ఎంత దూరం, మెట్రోలో కూర్చోవడానికి దొరుకుతుందా అని మర్యాదగా అడిగారు. నేనూ మర్యాదగా చెప్పాను. తర్వాత వాళ్లు ఎవరి మరిది గురించో మాట్లాడుకున్నారు. ఆయన ఏం చేశాడో నాకు తెలియదు, వాళ్లందరికీ తెలుసు. అందరూ నవ్వినచోట ఒక క్షణం ఆలస్యంగా నేనూ నవ్వాను. "జరమొచ్చినట్లుంది, పోయి పండుకో బిడ్డా" అంది పెద్దమ్మ. ప్రేమగానే అంది. చుట్టాన్ని సాగనంపినట్టు.

మేడ మీదికి వచ్చి పడుకున్నాను. సోలాపూర్‌లో నన్నెవరూ కుర్చీలో కూర్చోబెట్టలేదు. కూర్చోవడానికి చోటు లేకపోతే బేలు మీదికి నెట్టేవాళ్లు.

జ్వరం తగ్గి ఆఫీసుకు పోగానే మేనేజరుతో బేరం పెట్టాను. వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పని అడిగాను, ఒక్క రోజు వస్తుందని తెలిసే. ఒక్క రోజు ఇచ్చాడు, బుధవారం. తాను గెలిచాననుకున్నాడు పాపం.

మొదటి బుధవారం, రెండో బుధవారం ఏమీ కాలేదు. సరిగ్గా అరుగు నిండే వేళకే నాకు ఫోన్లు మొదలయ్యేవి. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకొని, కింద పెదవులు కదలడం కిటికీలోంచి చూస్తూ, నేను ఏసీలవాడి మాటలు వినేదాన్ని. ఇంత దగ్గరగా ఉండి వినకపోవడం, రాయదుర్గంలో ఉండి వినకపోవడం కన్నా కష్టంగా ఉండేది.

మూడో బుధవారం కరెంటు పోయింది. ఉక్క భరించలేక కిటికీ తెరిచి, హెడ్‌ఫోన్ల చార్జింగ్ కూడా అయిపోతే ఫోను స్పీకర్‌లో పెట్టాను. కుర్చీలు అమ్మేవాడితో బేరం. సికింద్రాబాద్ మనిషి, హిందీలో మొదలుపెట్టి తెలుగులోకి జారాడు, నేనూ కోపంలో నా తెలుగులోకే జారాను. "అన్నా, చక్రాలు ఊడిపోయేటి కుర్సీలకు గింత చెప్తే ఎట్ల? మా ఆఫీసోళ్లు కూర్చుంటరా, స్కేటింగ్ చేస్తరా?"

కింద మాటలు ఆగిపోయాయి. నేను పట్టించుకోలేదు. కుర్చీలవాడు కొంచెం దిగాడు. నేను కొంచెం ఎక్కాను. మళ్లీ దిగాడు. ఇక చాల్లే, ఒప్పుకుందామని నోరు తెరవబోతుంటే, కింద నుంచి మామ గొంతు:

"ఒప్పుకోకు! ఇంక దిగుతడు!"

ఇంకెవరో, "నువ్వు నోర్ముయ్, ఆమె బేరం ఖరాబైతది" అన్నారు. పెద్దమ్మ, "ఫోను పెట్టేస్తనని చెప్పు పోరీ!" అని అరిచింది. ఫోనులో కుర్చీలవాడు బిత్తరపోయాడు. "మేడమ్, మీ ఆఫీసుల ఎంతమంది ఉన్నరు?"

"అందరూ కొనేటోళ్లే అన్నా" అన్నాను.

దిగాడు. అయినా నేను కిందికి వెళ్లేసరికి మామ మొహం మాడ్చుకొని ఉన్నాడు. "తొందరపడ్డవ్ కోడలా. ఇంక ఒక్క మాటాగితే నీకు కుర్సీకో దిండు గూడ ఇచ్చేటోడు. ఏం నేర్పిండు మీ బాపు?"

"మీ అంత నేర్పలే మామా, అందుకే ఉద్యోగం జేసుకుంటున్న."

ఆ రోజు ఎవరూ కుర్చీ తేలేదు. ఒకామె కొంచెం జరిగింది, అరుగు మీద నాకు సగం చోటు దొరికింది. మిగతా సగం గాల్లోనే ఉంది. నన్ను తిట్టారు, నా బేరాన్ని ముక్కలు ముక్కలు చేశారు. చాయ్ గ్లాసులోనే వచ్చింది, అంచు కొంచెం పగిలిన గ్లాసు. ఆ తర్వాతి బుధవారాలు వాళ్లు నా కిటికీ కిందికే జరిగి కూర్చునేవాళ్లు. ఇవ్వాళ ఎవడితోనన్నా బేరం పెట్టమనేవాళ్లు. బేరం లేని రోజు తిట్టేవాళ్లు.

అవి కొద్ది బుధవారాలే. చలికాలానికి ముందు కంపెనీ ఇంటి నుంచి పని మొత్తంగా ఎత్తేసింది. నేను మేనేజరు గదిలోకి వెళ్లి బేరమాడదామనుకున్నాను గాని, అది ఆయన చేతిలో లేదని ఆయన మొహమే చెప్పింది. ఇవ్వడానికి సరుకు లేనివాడితో బేరం ఉండదు.

మళ్లీ చెప్పులు, గ్లాసు మరకలు.

ఒక రోజు మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా పెద్దమ్మ నంబరు నుంచి ఫోను. ఏమైందోనని మొదటి రింగుకే ఎత్తాను. అది మామ. "కోడలా, గా నీళ్ల క్యాన్లోడు ఏమన్నడు? దిగిండా?" అందరికీ వినబడాలని స్పీకర్‌లో పెట్టి ఫోను అరుగు మీద ఉంచారట. నేను ఫైర్ మెట్ల దగ్గరికి పోయి, తలుపు వేసుకొని, జరిగిందంతా చెప్పాను. అది అలవాటైంది. ఆ వేళకు ఫోను వస్తుంది, నేను మెట్ల దగ్గరికి పోతాను. ముందు రెండు మాటలు నన్ను అడుగుతారు. తర్వాత వాళ్ల మాటలు వాళ్లు మాట్లాడుకుంటారు. నేను గోడకు ఆనుకొని వింటాను. మరిది ఏం చేశాడో అట్లా విన్నదే.

ఆ రోజుల్లోనే, క్యాంటీన్‌లో ఘాయి అని నాతో మళ్లీ మళ్లీ అనిపించిన అమ్మాయి, తన కొండాపూర్ ఫ్లాటులో ఒక గది ఖాళీ అవుతోందని చెప్పింది. నా రాకపోకలు చూసి జాలిపడింది. "మీరు బతికేది రోడ్డు మీదే కదండీ. అక్కడ మీకు ఎవరున్నారు? ఫోనులో మాట్లాడడానికి ఏ ఇల్లయితే ఏం?" సాయంత్రంలోగా చెప్పమంది, ఇంకెవరో అడుగుతున్నారట.

ఆమె లెక్కలో తప్పు పట్టలేకపోయాను. మాటలు ఎట్లాగూ ఫోనులోనే. ఆఫీసుకు నడిచిపోయేంత దూరంలో ఇల్లుంచుకొని ఆ ఫోను ఎత్తితే, దారిలో పోయే ఇంత సమయం నాకు మిగిలేది. నేనే అమ్మేదాన్నయితే ఆ బేరాన్ని ఇంకా గట్టిగా అమ్మేదాన్ని. మధ్యాహ్నం ఫోను రాగానే అరుగుకు ఆ మాట చెప్పేద్దామని మెట్ల దగ్గరికి పోయాను.

"పెద్దమ్మా, ఒక మాట..."

ఎవరూ వినలేదు. ఎవరిదో తువ్వాళ్ల బేలు తడిసి చేరిందని లొల్లి నడుస్తోంది. నేను ఫోనులో ఉన్నానన్న సంగతే మర్చిపోయారు. మళ్లీ పిలుద్దామనుకొని ఆగాను. ఇంతలో ఏదో టపటపమన్న చప్పుడు.

"వానొస్తుంది! జొన్నలు లోపల పెట్టు!"

"మేడ మీద పోరి బట్టలున్నయే!"

"నువ్వు పో."

"నా మోకాళ్లు చూసినవా? మామా, నువ్వు పో."

"ఆడోళ్ల బట్టలు నేనెట్ల తెస్త? మంచిగ జెప్తున్నరు!"

"తియ్, నేనే పోత" అని పెద్దమ్మ గొంతు. తర్వాత ఇనప మెట్ల మీద అడుగులు, ఒక్కొక్కటిగా, మధ్యలో ఆగుతూ. డెబ్బై ఏళ్ల మనిషి. వద్దని అరిచాను. ఫైర్ మెట్లలో నా గొంతు నాకే తిరిగి వచ్చింది. పైనుంచి ఆవిడ తిట్లు, చినుకుల చప్పుడులో సన్నగా: "గీ పోరికి బట్టలారేసుడు రాదు! క్లిప్పులు పెట్టదు! దుకాణంల పుట్టింది, ఇంట్ల పుట్టలే!"

వాన పెద్దదైంది. "ఫోను, ఫోను తడుస్తుంది" అన్నారెవరో. మామ అందుకున్నాడు. "హలో? ఎవరు?"

"నేనే మామా."

"ఇంకా ఉన్నవా నువ్వు? పని లేదా? పెట్టెయ్."

పెట్టేశాడు. మెట్ల కిటికీలోంచి చూస్తే రాయదుర్గంలో వాన లేదు, అద్దాల మేడల మీద ఎండ కొడుతోంది. వాన పడుతున్న చోట నేను ఆరేసిన బట్టలున్నాయి. వాటికోసం ఒక మనిషి తిట్టుకుంటూ మెట్లెక్కింది. కొండాపూర్ బాల్కనీలోనైతే అవి వాన వెలిసేదాకా తడిసి, మళ్లీ వాటంతట అవే ఆరేవి. ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లి, గది ఇంకొకరికి ఇచ్చేయమన్నాను.

"ఎందుకండీ?" అంది నిజంగా బాధపడుతూ.

చెప్పడానికి ప్రయత్నించాను. ఇంగ్లిషులో మొదలుపెట్టాను, కుదరలేదు. "నాకు ఘాయి లేదు" అన్నాను చివరికి. ఈసారి ఆమె నవ్వలేదు, అర్థం కూడా కాలేదు.

ఆ సాయంత్రం ఇల్లు చేరేసరికి గల్లీ ఎప్పటిలాగే మూసుకొని ఉంది. బట్టలు తలుపు గొళ్లేనికి మూటగట్టి ఉన్నాయి, సగం తడిసి. విప్పి గదిలో తాడు మీద ఆరేసుకున్నాను. ఒక చున్నీ తక్కువైంది. మేడ మీదికి పోయి వెతికితే, ఎదురుగా మామ వాళ్ల రేకుల మీద పడి ఉంది, వీధిదీపం వెలుతురులో, నీళ్లలో నానుతూ. పిలిచి అడుగుదామంటే వాళ్ల తలుపు వేసి ఉంది. పొద్దున నేను పోయేసరికీ వేసే ఉంది.

మర్నాడు మధ్యాహ్నం ఫోను వచ్చింది. మెట్ల దగ్గరికి పోయాను.

"కోడలా, నీ చున్నీ మా రేకుల మీదుంది. ఎప్పుడు తీస్కపోతవ్?"

"నాకు సెలవు దొరికినప్పుడు మామా."

"గప్పటిదాంక ఊరికెనే ఉంచుకుంటననుకుంటున్నవా? జాగ నాది. కిరాయి పడతది."

"ఎంత?"

చెప్పాడు. అరుగు మీద ఎవరో కిసుక్కున నవ్వారు. అట్లాంటి ధరకు మనం నోరు తెరవకూడదు, ఎదుటివాడే మళ్లీ మాట్లాడాలి. ఫోను చెవికి ఆనించుకొని, ఖాళీ మెట్ల మీద, ఎదురుచూస్తూ నిలబడ్డాను.